అప్పుకి పన్నెండేళ్ళు, ఓపీటీకి మూడేళ్ళు

పోయిన ఆదివారం నరసరావుపేట నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. తమ్ముడికి టెక్సాస్‌లో ఎంఎస్ సీటు వచ్చింది. యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం ఐ-20 చేతికొచ్చింది. 40 లక్షల లోను శాంక్షనైంది. "ఇంక వీసా ఒక్కటే టెన్షన్ అమ్మా. అదొక్కటీ గట్టెక్కితే చాలు. శనివారం చిలుకూరు వెళ్ళి మొక్కుకుని వస్తాం" అంది. 2021లో నేనూ చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణాలు చేసి మొక్కుకున్నాను, వీసా వచ్చాక వెళ్ళి 108 పూర్తి చేశాను. ఆ మొక్కులో ఎంత ఆశ ఉంటుందో నాకు తెలుసు.

"లోను ఎన్నేళ్ళకి పిన్నీ?" అని అడిగాను.

"పన్నెండేళ్ళంట."

"మరి తమ్ముడు చదువైపోయాక అక్కడ ఎన్నేళ్ళు పనిచేసుకోవచ్చో చెప్పారా?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఉద్యోగం వస్తే ఉంటాడుగా" అంది.

ఆ ఒక్క మాట కోసమే ఇది రాస్తున్నాను. మన ఇళ్ళలో అందరూ అలాగే అనుకుంటారు. నేను విమానం ఎక్కేటప్పుడు మా అమ్మా నాన్నా అలాగే అనుకున్నారు, నేను కూడా. అమెరికాలో ఉద్యోగం రావడం ఒకటి, ఆ ఉద్యోగం చేయడానికి ఆ దేశం అనుమతించడం ఇంకొకటి. మొదటిది మన కష్టం మీద కొంత ఆధారపడుతుంది. రెండోదానికి కష్టంతో సంబంధం లేదు.

నేను 2021 ఆగస్టులో వెళ్ళాను, 2022 డిసెంబర్‌లో ఎంఎస్ పూర్తి చేశాను. స్టూడెంట్ వీసా మీద చదివినవాళ్ళకి చదువయ్యాక ఓపీటీ అని 12 నెలలు పనిచేసే అనుమతి ఇస్తారు. సైన్స్, ఇంజినీరింగ్, కంప్యూటర్స్ లాంటి స్టెమ్ కోర్సులైతే ఇంకో 24 నెలలు పొడిగిస్తారు. మొత్తం మూడేళ్ళు. ఆ తర్వాత కూడా ఉండి పనిచేయాలంటే మనలాంటి వాళ్ళలో ఎక్కువమందికి ఉన్న దారి హెచ్-1బీ అనే వర్క్ వీసా. దానికి కంపెనీ మన పేరు రిజిస్టర్ చేయాలి, లాటరీలో ఆ పేరు రావాలి. తెలిసిన విషయమే. కానీ ఈ మూడేళ్ళూ ఎలా కరిగిపోతాయో అనుభవిస్తే తప్ప అర్థం కాదు.

నా ఓపీటీ 2023 జనవరి 23న మొదలైంది. అప్పటికి ఉద్యోగం లేదు. పెద్ద టెక్ కంపెనీలు వేలమందిని తీసేస్తున్న నెల అది. ఓపీటీ కార్డు మీద ఉన్న తేదీ దగ్గర్నుంచే నిరుద్యోగ రోజుల లెక్క మొదలవుతుంది. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. శనాదివారాలు, పండగలు అన్నీ అందులోకే వస్తాయి. మేం నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పొద్దున లేవగానే ఒకరినొకరం అడిగే మొదటి మాట "డేస్ కౌంట్ ఎంతైంది?" అని. ప్రతి అప్లికేషన్ ఫారం చివర్లోనూ ఒకటే ప్రశ్న ఉండేది: ఇప్పుడు గానీ ముందుముందు గానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్ కావాలా? "అవును" అని పెడితే కొన్ని కంపెనీల నుంచి పది నిమిషాల్లోనే రిజెక్షన్ మెయిల్ వచ్చేది. "కాదు" అని పెడితే అబద్ధం. నేను అవుననే పెట్టాను. 71వ రోజున, ఏప్రిల్ మొదటి వారంలో, డల్లాస్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఏడాదికి 72 వేల డాలర్లు. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఇద్దరం ఏడ్చాం.

ఆ సంతోషంలో ఒక సంగతి గమనించలేదు. హెచ్-1బీ రిజిస్ట్రేషన్ ఏడాదికోసారి, మార్చిలో కొద్ది రోజులే ఉంటుంది. నాకు ఉద్యోగం వచ్చేసరికి ఆ ఏడాది గడువు అయిపోయింది. ఓపీటీ మూడేళ్ళంటే లాటరీలో మూడు ఛాన్సులని అందరూ చెప్తారు. నాకు మిగిలింది రెండు. డిసెంబర్‌లో చదువైపోయి, మార్చిలోపు ఉద్యోగం రాని ప్రతి ఒక్కరిదీ ఇదే కథ. కోర్సు ఎంచుకునేటప్పుడు స్ప్రింగ్‌లో (జనవరిలో) చేరాలా, ఫాల్‌లో (ఆగస్టులో) చేరాలా అని చర్చించుకుంటాం. చదువు అయ్యాక మొదటి మార్చికి ఎన్ని నెలల టైముంటుందని మాత్రం ఎవరూ లెక్క వేయరు.

లాటరీ సంగతికొస్తే, ఏటా ఇచ్చేవి 65 వేలు, అమెరికాలో పీజీ చేసినవాళ్ళకి అదనంగా 20 వేలు. ఈ 85 వేలు దాదాపు ఇరవయ్యేళ్ళుగా మారలేదు. మా బాబాయి స్నేహితులు కొందరు 2001, 2002 ప్రాంతంలో వెళ్ళి స్థిరపడ్డారు. "అందరూ ఇలాగే వెళ్ళారమ్మా, ఎవరికి రాలేదు?" అని బాబాయి వాళ్ళనే ఉదాహరణగా చూపిస్తాడు. వాళ్ళు వెళ్ళిన రోజుల్లో ఏడాదికి 1,95,000 హెచ్-1బీలు ఉండేవి. మూడేళ్ళపాటు అలా ఉండి 2004 ఆర్థిక సంవత్సరం నుంచి మళ్ళీ 65 వేలకి వచ్చింది, తర్వాత పీజీ వాళ్ళ 20 వేలు కలిశాయి. వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్ళకి తెరుచుకున్న తలుపు ఇప్పుడు సగం కూడా లేదు. 2024-25లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వాళ్ళలో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉంటారో డల్లాస్‌లో ఏ కిరాణా షాపుకి వెళ్ళినా కనిపిస్తుంది.

నేను పాల్గొనలేకపోయిన 2023 మార్చిలో 7,80,884 రిజిస్ట్రేషన్లు వచ్చాయి. అందులో 4 లక్షలకి పైగా ఒకే మనిషి పేరు మీద ఒకటికి మించి వేసినవి. నాలుగైదు కన్సల్టెన్సీలతో ఒకే పేరు వేయించుకున్నవాళ్ళు ఉన్నారు. నిజాయితీగా ఒకే రిజిస్ట్రేషన్‌తో నిలబడ్డవాళ్ళు నష్టపోయారు. ఆ మోసంలో మనవాళ్ళ వాటా గురించి మనం మాట్లాడుకోవాలి, నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. తర్వాతి ఏడాది నుంచి ఎన్ని రిజిస్ట్రేషన్లు వేసినా మనిషికి ఒక్కటే లెక్క అని పద్ధతి మార్చారు. 2024 మార్చిలో అర్హమైన 4,70,342 రిజిస్ట్రేషన్లలో 1,35,137 ఎంపికయ్యాయి. 2025 మార్చిలో 3,43,981కి 1,20,141. పీజీ చేసినవాళ్ళకి అవకాశం కాస్త ఎక్కువ. అయినా రెండుసార్లూ పేరు రానివాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే అంచనా వేసుకోండి. నాకు రెండుసార్లూ రాలేదు. నా మేనేజర్ మంచివాడు, కంపెనీ ఫీజు కట్టింది, పని బాగుందని జీతం కూడా పెంచింది. అయినా ఈ జనవరిలో నా ఓపీటీ అయిపోయింది. ఆ తర్వాత ఇచ్చే 60 రోజుల గడువులో సామాను అమ్మేసి, ఫిబ్రవరి చివర్లో శంషాబాద్‌లో దిగాను. ఇప్పుడు గచ్చిబౌలిలో పనిచేస్తున్నాను.

దిగేనాటికి నా మీద అప్పు లేదు. పిన్నికి చెప్పాలనుకున్నది ఇదే.

నేను 26 లక్షలు అప్పు చేశాను. తక్కువలో అయ్యేందుకు కారణం ఒక చిన్న నిబంధన. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏడాదికి కనీసం 1,000 డాలర్ల కాంపిటీటివ్ స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే, బయటివాళ్ళు కట్టే ఫీజు బదులు టెక్సాస్ వాళ్ళు కట్టే ఫీజు కట్టడానికి వీలుంటుంది. వచ్చేది వెయ్యి డాలర్లు, మిగిలేది అంతకి ఎన్నో రెట్లు. కాకపోతే అడగాలి. డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ మీద మెయిల్ పెట్టాలి. కన్సల్టెన్సీవాళ్ళు ఈ సంగతి నాకు చెప్పలేదు, ఒక సీనియర్ అక్క చెప్పింది. 2025 నవంబర్‌లో ఆఖరి వాయిదా కట్టేశాను.

మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్న ఇంకో అమ్మాయిది కరీంనగర్. నాకంటే తెలివైంది, నాకంటే ముందే ఉద్యోగం తెచ్చుకుంది. పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలో చదివింది, అప్పు 58 లక్షలు. తనకీ లాటరీ తగల్లేదు. కానీ తను నాలాగా సామాను అమ్మేసి రాలేకపోయింది. ఇంటి మీద అంత అప్పు ఉండగా ఎలా వస్తుంది? డే వన్ సీపీటీ, అంటే చేరిన మొదటి రోజు నుంచే పనిచేసే అనుమతి, ఇచ్చే ఇంకో కాలేజీలో మళ్ళీ డబ్బు కట్టి చేరింది, పనిచేసుకుంటూ ఉండడానికి. ఇప్పుడు రెండో మాస్టర్స్ ఫీజు కడుతూ, మొదటి మాస్టర్స్ అప్పు తీరుస్తోంది. ఫోన్ చేస్తే బాగానే మాట్లాడుతుంది. గొంతులో మాత్రం ఎప్పుడూ భయం వినిపిస్తుంది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు మన పిల్లల కాళ్ళకి రేడియో కాలర్లు తగిలించిన వార్తలు మా ఇంట్లో అందరం టీవీలో చూశాం. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అమెరికా అధికారులే రహస్యంగా పెట్టిన కాలేజీ. క్లాసుల్లేవు, ప్రొఫెసర్లు లేరు. చేరినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. చేర్పించినందుకు కేసులు పడ్డ ఎనిమిది మందిలోనూ మనవాళ్ళే ఎక్కువ. ఆ పిల్లల్ని తప్పుపట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. తప్పు లేదని నేననను. గడువు అయిపోయి, అప్పు అలాగే ఉండి, ఇంటికి ఏం మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియని మనిషికి ఎవరు ఏ కాగితం చూపించినా అది దారిలాగే కనిపిస్తుంది. ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడం అప్పు చేసేరోజు మన చేతుల్లో ఉంటుంది. తర్వాత ఉండదు.

డేస్ కౌంట్ 40 దాటిన రోజుల్లో నేనూ ఒక కన్సల్టెన్సీని నమ్మి వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో మూడు వారాలున్నాను. రెజ్యూమెలో ఆరేళ్ళ అనుభవం పెట్టమన్నారు. ఇంటర్వ్యూలో నా బదులు ఇంకొకరు మాట్లాడతారన్నారు. ఈలోపు రోజుల లెక్క ఆపడానికి ఒక ఆఫర్ లెటర్ ఇస్తామన్నారు, అంటే జీతం లేని, పని లేని ఉద్యోగం. నేను బయటికొచ్చేశాను. ధైర్యం ఉండి వచ్చానని చెప్పుకోలేను. నాన్న అప్పు 26 లక్షలే కాబట్టి, కర్మకాలి తిరిగి రావాల్సొచ్చినా ఇండియాలో తీర్చగలనన్న నమ్మకం ఉండబట్టి వచ్చాను. అదే 58 లక్షలైతే ఏం చేసేదాన్నో తెలియదు. రోజుల లెక్క ఆపడానికి సరైన దారి కూడా ఉందని తర్వాత తెలిసింది. మొదటి ఏడాది ఓపీటీలో మన చదువుకి సంబంధించిన పని, వారానికి కనీసం 20 గంటలు, జీతం లేకుండా వాలంటీర్‌గా చేసినా అది ఉద్యోగం కిందే లెక్క. ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ పని అడగొచ్చు. స్టెమ్ పొడిగింపులో మాత్రం అలా కుదరదు. అక్కడ జీతం ఉండాలి, కంపెనీ ఈ-వెరిఫై అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదై ఉండాలి, మనకి ఏం నేర్పిస్తారో ఐ-983 ఫారంలో రాసివ్వాలి.

ఇంకోటి, మీ కోర్సు నిజంగా స్టెమ్‌లో ఉందో లేదో ఐ-20 మీద ఉండే సీఐపీ కోడ్‌తో (కోర్సు ఏ విభాగంలోకి వస్తుందో చెప్పే నంబరు) సరిచూసుకోండి. కోర్సు పేరు చూసి మోసపోతారు. మామూలు ఎంబీఏ చాలా చోట్ల స్టెమ్‌లోకి రాదు. అప్పుడు మూడేళ్ళు అనుకున్నది ఒక్క ఏడాదే అవుతుంది.

ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి పరిస్థితి నాకంటే కష్టంగా ఉంది. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్ళకి అది వర్తించదని అక్టోబర్‌లో స్పష్టం చేశారు. అది విని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. దాని రెండో వైపు కూడా చూడండి. ఓపీటీ అయిపోయి ఇంటికి వచ్చేసిన నాలాంటి వాళ్ళని మళ్ళీ పిలిపించుకోవాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. ఏ చిన్న కంపెనీ కడుతుంది? "ముందు వచ్చెయ్, మళ్ళీ ట్రై చేద్దాం" అనే మాటకి ఇప్పుడు అంత ఖరీదుంది.

లాటరీ కూడా మారింది. 2025 డిసెంబర్‌లో వచ్చిన నిబంధనతో 2026 మార్చి నుంచి జీతం స్థాయిని బట్టి అవకాశం ఇస్తున్నారు. అన్నిటికంటే పైదైన నాలుగో స్థాయి జీతం ఉన్నవాళ్ళ పేరు నాలుగుసార్లు, మొదటి స్థాయివాళ్ళది ఒక్కసారి వేస్తారు. అప్పుడే చదువు ముగించుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఉండేది మొదటి, రెండో స్థాయిల్లోనే. ప్రతిపాదన దశలో ప్రభుత్వం వేసిన అంచనా ప్రకారమే మొదటి స్థాయి వాళ్ళ అవకాశం 15 శాతం దగ్గరికి పడిపోతుంది. ఇక ఓపీటీకి పునాది కూడా అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం కాదు, ప్రభుత్వ నిబంధన. ఒకప్పుడు 12 నెలలే ఉండేది. 2008లో స్టెమ్ వాళ్ళకి 17 నెలలు కలిపారు, 2016లో దాన్ని 24 చేశారు. పెంచినట్టే తగ్గించడానికీ వీలుంది.

ఇంగ్లండ్, జర్మనీ అనే మాట కూడా వస్తుంది కాబట్టి చెప్తున్నాను. ఇంగ్లండ్‌లో చదువయ్యాక ఇచ్చే రెండేళ్ళ గ్రాడ్యుయేట్ వీసా, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి 18 నెలలే. జర్మనీలో ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలిస్తారు. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు ఉండదు, అందుకే అప్పు తక్కువ, కానీ భాష రావాలి. దేశం మారితే తేదీలు మారతాయి. అప్పు పక్కన గడువు రాసుకుని చూడడం ఎక్కడికెళ్ళినా తప్పదు.

ఆ రోజు పిన్నితో ఫోన్‌లోనే లెక్క వేశాం. 40 లక్షలు, పదకొండున్నర శాతం వడ్డీ. సెమిస్టర్‌కి పది లక్షల చొప్పున తీసుకున్నా, చదువైపోయి ఆరు నెలలు గడిచేసరికి వడ్డీయే ఇంకో 8 లక్షలవుతుంది. 48 లక్షల్ని పన్నెండేళ్ళలో తీర్చాలంటే నెలకి 61 వేల పైచిలుకు. ఓపీటీ మూడేళ్ళలోనే తీర్చాలంటే నెలకి లక్షా 58 వేలు, డాలర్ 90 రూపాయలనుకుంటే సుమారు 1,750 డాలర్లు. నా మొదటి జీతంలో పన్నులు, ఇన్సూరెన్స్ పోగా నెలకి 5,200 డాలర్ల దాకా చేతికొచ్చేది. అద్దె పంచుకుని, పాత కారు నడుపుకుంటూ, వంట చేసుకుంటే అందులోంచి 1,750 కట్టడం కుదురుతుంది. కాకపోతే మొదటి రోజు నుంచీ ఉద్యోగం ఉండాలి, మధ్యలో పోకూడదు, ఇంట్లో ఎవరికీ జబ్బు చేయకూడదు.

"మరి ఉద్యోగం ఆలస్యమై, వెనక్కి రావాల్సొస్తే?" అని పిన్నే అడిగింది. అప్పుడు ఇక్కడి జీతంతో నెలకి 61 వేలు కట్టాలి. అక్కడ సరైన అనుభవం లేకుండా తిరిగొచ్చిన పిల్లాడికి హైదరాబాద్‌లో నెలకి 50 వేలు చేతికొస్తే గొప్ప. వచ్చే జీతం మొత్తం పోసినా వాయిదా నిండదు.

నా ఉద్దేశంలో అప్పు ఎంత చేయాలన్నది బ్యాంకు ఎంతిస్తుందన్నదాని మీద ఆధారపడకూడదు. మంచి రోజులొస్తే ఓపీటీ మూడేళ్ళలో తీరాలి, చెడ్డరోజులొస్తే హైదరాబాద్ జీతంతో వాయిదా కట్టగలగాలి. ఈ రెండింటికీ సరిపోయినంతే చేయండి. ఆ డబ్బుకి ఈ ఏడాది సీటు కుదరకపోతే ఒక ఏడాది ఇక్కడ పనిచేసి, కొంత కూడబెట్టుకుని, స్కాలర్‌షిప్ తెచ్చుకుని వెళ్ళండి. హెచ్-1బీ వస్తే మంచిదే, సంతోషంగా ఉండండి. అది వస్తుందని నమ్మి ఇల్లు తాకట్టు పెట్టకండి. బాబాయి ఇంకో ఎకరం అమ్మేద్దామంటున్నాడని పిన్ని చెప్పింది. ఆ ఎకరం జోలికి పోవద్దని గట్టిగానే చెప్పాను. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పినట్టవుతుందని తెలిసినా చెప్పాను.

వెళ్ళొద్దని నేను ఎవరికీ చెప్పను. ఆ నాలుగున్నరేళ్ళు నాకు చాలా ఇచ్చాయి. మంచి పని నేర్చుకున్నాను, ఒంటరిగా బతకడం తెలిసింది, నాన్న అప్పు నేనే తీర్చానన్న తృప్తి ఉంది. శంషాబాద్‌లో దిగినరోజు అమ్మ నన్ను చూసి ముందు కంగారుపడింది, జనాలు ఏమనుకుంటారో అని. "అప్పు లేదమ్మా" అన్నాను. ఆ తర్వాత దారంతా మామూలు కబుర్లే చెప్పింది.

నిన్న తమ్ముడు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. బాబాయి పత్తి లెక్కలు రాసుకునే పుస్తకంలో పేజీ అది. నిలువునా గీత గీసి ఒకవైపు అప్పు, ఒకవైపు నెలలు రాశాడు. 40 కొట్టేసి 27 అని వేశాడు, పక్కన "స్కాలర్‌షిప్‌కి మెయిల్ పెట్టాను అక్కా" అని రాశాడు. కింద "హైదరాబాద్ జీతం" అని రాసి ఆ గడి ఖాళీగా వదిలేశాడు. దాని పక్కన పిన్ని చేతిరాత: "ఇక్కడ ఎంత వెయ్యాలమ్మా?"

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఫోన్ చేస్తానని చెప్పాను.